ఆ చిప్‌ను పీకకుండా వదిలేశాను

గత సంక్రాంతికి అమలాపురం వెళ్లినప్పుడు, అటక దులుపుతుంటే ఇత్తడి గంగాళానికీ పాత మిక్సీకీ మధ్య ఒక అట్టపెట్టెలో మా ప్లేస్టేషన్ 2 దొరికింది. 2005లో మా బావగారు కువైట్ నుంచి వస్తూ తెచ్చిన సోనీ కంపెనీ గేమ్ యంత్రం అది. వెనక అంటించిన కాగితం మీద ఎస్‌సీపీహెచ్-50004 అన్న మోడల్ అంకె ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉంది. హైదరాబాద్ తెచ్చి ప్లగ్గు పెడితే ఎర్రదీపం వెలిగింది, బటన్ నొక్కితే అది పచ్చబడింది, ఫ్యాను తిరిగింది, టీవీలో నీలం పొగలు కూడా కనబడ్డాయి. డిస్కు మాత్రం రీడ్ కాలేదు.

మూత విప్పి, లోపలి భాగాన్ని ఫొటో తీసి, పాత గేమ్ యంత్రాలను సేకరించే ఒక మిత్రుడికి పంపాను. లెన్సు సంగతి అడుగుదామని నా ఉద్దేశం. ఆయన లెన్సు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మదర్‌బోర్డు మీద, కాపీ డిస్కులు కూడా ఆడేలా తర్వాత అతికించిన చిప్ ఉన్న, బొటనవేలి గోరంత చిన్న పచ్చ బోర్డును, దాని నుంచి నాలుగు వైపులకూ పాకిన సన్న తీగలను చూసి, "ముందు ఆ చెత్త పీకేయండి. యంత్రాన్ని ఒరిజినల్‌గా చేసుకుంటే ధర కూడా వస్తుంది. మిగతాది తర్వాత చూద్దాం" అని జవాబు రాశారు. పీకే పద్ధతిని వివరించే ఒక వ్యాసం కూడా పంపారు. సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కో అతుకును కరిగించి తీగ లాగేయడం, మిగిలిన సీసాన్ని రాగి జాలీతో పీల్చేయడం, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం. ఓపిక ఉంటే గంటసేపటి పని. వ్యాసం చివర, చిప్ ఆనవాలు కూడా లేకుండా శుభ్రపడిన బోర్డు ఫొటో ఉంది. అది చూడటానికి బాగానే ఉంది. అలా శుభ్రం చేయడం యంత్రాన్ని బాగుచేయడమేనా అన్నదే నా అనుమానం. రెండు నెలలు తర్జనభర్జన పడ్డాక, మా ఊళ్లాంటి ఊళ్లలో బతికిన ప్లేస్టేషన్ 2కు చిప్ తర్వాత అంటుకున్న మురికి కాదని, దాన్ని పీకి 'ఒరిజినల్' చేయడమంటే యంత్రానికి ఎన్నడూ లేని బతుకును అంటగట్టడమేనని నాకు గట్టిగా అనిపించింది. అలా అనిపించడానికి కారణాలు ఉన్నాయి, ఆ కారణాలకు అడ్డొచ్చే సంగతులు కూడా ఉన్నాయి.

పార్లర్ నేర్పిన యంత్రం

మేము ప్లేస్టేషన్ 2ను మొదట చూసింది ఇంట్లో కాదు, ఆర్టీసీ బస్టాండు దగ్గర సందులోని గేమ్ పార్లర్‌లో. రేకుల షెడ్డు, నాలుగు టీవీలు, గోడకు ఒక ఫ్యాను, గంటకు 15 రూపాయలు. గంట పూర్తయ్యే వేళకు పార్లర్ అన్న వెనక నుంచి వచ్చి, ఎంత కీలకమైన ఘట్టంలో ఉన్నా జాలి లేకుండా జాయ్‌స్టిక్ లాక్కునేవాడు. ఆయన దగ్గర డిస్కులు ఒక పెద్ద జిప్ పౌచ్‌లో ఉండేవి. వాటి మీద స్కెచ్ పెన్నుతో 'క్రికెట్', 'కుస్తీ', 'కారు 2' అని రాసుకునేవాడు. తిప్పి చూస్తే అడుగున ఊదారంగు. అసలు డిస్కుల్లో డీవీడీల అడుగు వెండి రంగులో, సీడీల అడుగు నీలంగా ఉంటుందని నేను తెలుసుకున్నది ఇంజనీరింగ్‌లో చేరాక. అప్పటిదాకా గేమ్ డిస్కు అంటే ఊదారంగుదే అనుకునేవాణ్ని.

ఆ ఊదారంగు డిస్కు ఆడాలంటే యంత్రంలో చిప్ ఉండాలి. డిస్కు కంపెనీ అచ్చు వేసిందా, ఇంట్లో రాసుకున్నదా, యంత్రం అమ్మిన ప్రాంతానికి చెందినదా కాదా అన్నది డ్రైవును నడిపే, కంపెనీయే పెట్టిన వేరే చిప్ తేల్చి, యంత్రానికి కబురు పెడుతుంది. కంపెనీ డిస్కులో ఉండే గుర్తు మామూలు బర్నర్‌తో రాసే డిస్కులోకి రాదు. మనవాళ్లు పెట్టించే చిన్న బోర్డు, యంత్రం మేలుకునే క్షణంలో బయాస్‌కూ (యంత్రాన్ని మేల్కొలిపే ప్రోగ్రాము ఉండే చిప్) మిగతా భాగాలకూ నడుమ సాగే ఆ కబుర్లను కాచుకుని ఉండి, సరైన సమయానికి 'ఇది మనవాళ్లదే' అన్న మాటను మధ్యలో దూరుస్తుంది. ఇందుకోసం ఇరవైకి పైగా చోట్ల వెంట్రుకంత తీగలను అతికించాలి. అందులో చాలావరకు బయాస్ చిప్ కాళ్ల మీదే పడతాయి. ఆ కాళ్ల మధ్య ఎడం మిల్లీమీటరు కూడా ఉండదు.

మా ఇంటికి యంత్రం వచ్చినప్పుడు బావగారు దానితోపాటు రెండు అసలు డిస్కులు తెచ్చారు. ఒకటి ఫుట్‌బాల్, రెండోది కార్ల రేసు. వాటితో వారం గడిచింది. ఎనిమిదో రోజున పార్లర్ అన్నను బతిమాలి ఒక డిస్కు తెచ్చి పెడితే నీలం పొగ కాస్తా ఎర్రపొగగా మారి, ప్లేస్టేషన్ డిస్కు పెట్టమని తెర మీద అక్షరాలు వచ్చాయి. పార్లర్‌లో నడిచే డిస్కు మా ఇంట్లో నడవదన్న సంగతి తెలియగానే, కొత్త యంత్రం మా కళ్లకు లోపం ఉన్న సరుకులా కనబడింది. దాన్ని పూర్తి చేయించడానికే, ఆ ఆదివారం మా నాన్నగారు యంత్రాన్ని తువ్వాలులో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని రాజమండ్రి బస్సెక్కారు.

అక్కడి మెకానిక్ పగలంతా టీవీలు బాగుచేసే మనిషి. ఐరన్ మొనను ఆకురాయితో గీకి సూదిలా చేసుకున్నారు. కళ్లద్దాల మీద ఇంకో భూతద్దం తగిలించుకుని, ఎర్రటి సన్న తీగను పళ్లతో ఒలిచి, కొసను పేస్టులో ముంచి, చిన్న సీసపు చుక్క అంటించి, కాలు మీద అర క్షణం ఆనించి తీసేసేవారు. ప్రతి తీగ అతికాక మల్టీమీటర్ పెట్టి, పక్క కాలికి తగలలేదని 'కీ' శబ్దం రాకపోవడంతో నిర్ధారించుకునేవారు. తీగలన్నిటినీ ఒకే పొడవుకు కత్తిరించి, వేడి తగిలే చోట్లను తప్పించి, మూలల్లో పల్చగా గమ్ము చుక్క వేసి అణిచిపెట్టారు. మూడు గంటలు పట్టింది. మా నాన్నగారు 1,500 రూపాయలు లెక్కపెడుతూ, "గ్యారంటీ ఏమైనా ఉంటుందాండీ?" అని అడిగారు. "కంపెనీ గ్యారంటీ నేను స్టిక్కర్ చింపినప్పుడే పోయిందండీ. నా పనికైతే ఆరు నెలలు నాది పూచీ" అన్నారాయన. ఆ యంత్రం తర్వాత ఏడేళ్లు నడిచింది.

ఇప్పుడు నా మిత్రుడు పీకేయమంటున్నది ఆ మూడు గంటల పనిని. మా ఇంట్లో ఈ యంత్రం కంపెనీ పంపిన రూపంలో ఉన్నది పదిహేను రోజుల లోపే. చిప్‌తో ఉన్నది దాదాపు ఇరవై ఏళ్లు. 'ఒరిజినల్' అనే మాటను కాలంతో కొలిచినా, వాడకంతో కొలిచినా, లెక్క నా వైపే మొగ్గుతుంది. జపాన్‌లో 2000 మార్చిలో విడుదలై, 2013 నాటికి తయారీ ఆగిపోయేదాకా 15 కోట్లకు పైగా అమ్ముడైన ఈ యంత్రం చరిత్రను విదేశీ సేకర్తలు రాసుకుంటే, మచ్చలేని పెట్టె, చిరగని స్టిక్కర్ అసలు రూపం కావచ్చు. అది వాళ్ల ఊళ్లో నిజం. వాళ్ల కొలబద్ద తెచ్చి మన యంత్రాన్ని కొలిచి, మన మెకానిక్ పనిని మురికి కింద జమకట్టడం మాత్రం నాకు నచ్చలేదు.

అటువైపు వాదనలు

అయితే చిప్ వేసిన చేయి ప్రతిచోటా రాజమండ్రి మెకానిక్ చేయి లాంటిది కాదని ఒప్పుకోవాలి. హార్డ్‌వేర్‌లో చేయిపెట్టే సంస్కృతి ఎన్ని యంత్రాలను బతికించిందో, ఇంచుమించు అన్ని యంత్రాలను చంపింది కూడా. మా యంత్రమే దానికి సాక్ష్యం. 2010 ప్రాంతంలో డిస్కులు ఆగి ఆగి రీడ్ అవుతుంటే, ఊళ్లోనే ఇంకో దుకాణంలో చూపించాం. లెన్సు వెనక చిన్న స్క్రూల్లాంటివి రెండు ఉంటాయి. ఒకటి సీడీకి, ఒకటి డీవీడీకి లేజర్ బలాన్ని నిర్ణయించే పొటెన్షియోమీటర్లు. వాటి విలువ మీటరుతో కొలవకుండా, ముందున్న స్థానం గుర్తు పెట్టుకోకుండా, ఆ కుర్రవాడు కంటి అంచనాతో తిప్పేశాడు. డిస్కు టక్కున రీడ్ అయింది. వంద రూపాయలు తీసుకున్నాడు. మూడు నెలలు హాయిగా నడిచింది. బలం పెంచిన లేజర్ తొందరగా అరిగిపోతుందని అప్పుడు మాకు తెలియదు; మేము సంతోషించిన ఆ మూడు నెలల్లోనూ దాని ఆయుష్షే కరుగుతోంది.

ఈ లావు మోడళ్లలో లెన్సు పట్టాల పక్కన తెల్లటి చిన్న పళ్లచక్రం ఒకటి ఉంటుంది. లెన్సు వాలును అది సరిచేస్తుంది. నేను మూత విప్పినప్పుడు దాని మీద కనీసం మూడు రంగుల మార్కర్ చుక్కలు ఉన్నాయి. నలుపు, నీలం, ఇంకొకటి గోళ్లరంగు లాంటిది. ఏ చుక్క ఫ్యాక్టరీ నాటి స్థానమో, ఏది తర్వాత తిప్పినవాళ్లదో చెప్పగల మనిషి ఇప్పుడు లేడు. చిప్‌ను వెనకేసుకొచ్చేటప్పుడు ఈ పళ్లచక్రాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రెండూ మన చేతి గుర్తులే. ఒకటి పనితనం, రెండోది తోచినట్టు తిప్పడం. రెంటినీ 'చరిత్ర' అని ఒకే గాటన కట్టి దండం పెట్టమంటే నేను పెట్టలేను.

ఇక దొంగ కాపీల సంగతి. చిప్ సాంకేతిక కుతూహలంతో పుట్టలేదు, యాభై రూపాయల డిస్కు ఆడటానికి పుట్టింది. అలా కాదని నటించడం నాకు ఇష్టం లేదు. నేను ఉంటున్న ఊరికే ఇందులో ఒక నష్టం ఉంది. 2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ వాళ్ల 'హనుమాన్: బాయ్ వారియర్' భారతదేశంలో తయారైన తొలి ప్లేస్టేషన్ 2 ఆటగా విడుదలైంది. హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర కూడా కబడ్డీ, గాలిపటాలతో 'దేశీ అడ్డా' అనే ఆట తయారుచేసింది. మన పక్క వీధిలో కూర్చుని ఈ యంత్రానికి ఆట రాసినవాళ్లు ఉన్నారన్న సంగతి అప్పట్లో నాకు తెలియనే తెలియదు. తెలిసి ఉంటే డబ్బు పెట్టి కొనేవాణ్నా? కొనేవాణ్ని కాదు. పార్లర్ అన్న పౌచ్‌లో ఉందేమో అని అడిగేవాణ్ని. ఈ నిజం నా వాదనకు ఇబ్బందే కానీ, చిప్ పీకేసినంత మాత్రాన ఈ నిజం పోదు. పీకేస్తే మాయమయ్యేది ఆధారం మాత్రమే.

చట్టం మాట కూడా ఒకటి ఉంది. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణ 65ఎ సెక్షన్‌ను చేర్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణ ఏర్పాట్లను తప్పించుకుంటే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అని అది చెబుతుంది. అందులో 'ఉద్దేశంతో' అన్న మాట బరువైనది. మా చిప్ వేసిన 2005లో ఆ సెక్షన్ లేదు. యాదృచ్ఛికంగా అదే ఏడాది అక్టోబరులో ఆస్ట్రేలియా హైకోర్టు, అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం, ప్లేస్టేషన్‌లకు చిప్‌లు అమ్మి బిగించిన ఒక వ్యక్తి మీద సోనీ వేసిన కేసులో సోనీ వాదనను తోసిపుచ్చింది. యంత్రంలోని ఏర్పాటు డిస్కును కాపీ చేయకుండా ఆపడం లేదు, అప్పటికే కాపీ అయిన డిస్కును ఆడనివ్వకుండా మాత్రమే ఆపుతోంది, కాబట్టి అది చట్టం చెప్పిన రక్షణ ఏర్పాటు కిందికి రాదన్నది స్థూలంగా ఆ తీర్పు సారం. తర్వాత అక్కడ చట్టాన్నే మార్చుకున్నారు. నేను ఈ తీర్పును కవచంగా వాడుకోవడం లేదు. ఒక్క చిప్ విషయంలో ఒక దేశపు అత్యున్నత న్యాయమూర్తులే అంత సూక్ష్మంగా ఆలోచించాల్సి వచ్చిందంటే, 'ఆ చెత్త' అని ఒక్క మాటలో తేల్చేయడం తొందరపాటని మాత్రం అంటున్నాను.

అవసరం తీరిన వస్తువు

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది, దాన్ని మిత్రుడే రెండో ఉత్తరంలో లేవనెత్తారు. చిప్‌తో ఇప్పుడు పనే లేదు కదా అన్నారు. నిజమే. ఈ యంత్రం మెమరీ కార్డు నుంచి సిస్టమ్ అప్‌డేట్‌లను లోడ్ చేసుకునేలా కంపెనీయే ఒక ద్వారం పెట్టింది. ఫ్రీఎమ్‌సీబూట్ అనే ప్రోగ్రామును 8 ఎంబీ మెమరీ కార్డులో వేసి, ఆ ద్వారం గుండా లోపలికి వెళ్లవచ్చు. కట్టకడపటి సన్న మోడళ్లలో ఆ ద్వారాన్ని మూసేశారు, మా లావు మోడల్‌లో బార్లా తెరిచే ఉంది. 2020లో వచ్చిన ఫ్రీడీవీడీబూట్ అయితే మెమరీ కార్డు కూడా అడగదు, యంత్రంలో ఉన్న డీవీడీ ప్లేయర్‌లోని లోపాన్ని పట్టుకుని ఒక మామూలు రాసిన డిస్కుతోనే లోపలికి దారి చేస్తుంది. తీగ లేదు, ఐరన్ లేదు, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ఇరవై తీగల పనిని ఒక ఫైలు చేస్తున్నప్పుడు ఆ తీగలను మోయడం ఎందుకన్న ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

జవాబు అమలాపురంలోనే దొరికింది, మా పెదనాన్నగారి మండువా ఇంట్లో. గోడల మీద కొయ్య పట్టీలు, వాటి మీద వరసగా మేకులు కొట్టి లాగిన పాత కరెంటు తీగ, నల్లటి గుండ్రని స్విచ్చులు. ఆ తీగలో కరెంటు పారి పాతికేళ్లు దాటింది. కొత్త వైరింగ్ గోడ లోపలి పైపుల్లో నడుస్తోంది. ఇల్లు కట్టినప్పుడు కరెంటే లేదు కాబట్టి ఆ పట్టీలు కూడా 'ఒరిజినల్' కావు. ఇంటికి రంగులు వేయించిన ప్రతిసారీ మేస్త్రీ వాటిని పీకేద్దామంటాడు, పెదనాన్నగారు వద్దంటారు. ఎందుకని అడిగితే పెద్ద సిద్ధాంతమేమీ చెప్పలేదు. "అది మా నాన్న దగ్గరుండి వేయించింది, దాని మానాన దాన్ని ఉండనీరా" అన్నారు. అందులో మమకారం ఎంత, వాదం ఎంత అని నేను తూచలేను. నిరపాయంగా ఉన్నదాన్ని, అవసరం తీరిందన్న ఒక్క కారణంతో తీసేయనక్కర్లేదన్న ఇంగితం మాత్రం అందులో కనబడింది. చిప్ బోర్డుకు హాని చేస్తుంటే తీసేయవచ్చు. అతుకులు శుభ్రంగా ఉండి, ఏదీ షార్ట్ కానప్పుడు, తీసేటప్పుడే బయాస్ కాలు ఒకటి ఊడొచ్చే ప్రమాదం ఎక్కువ.

అలాగని ప్రతి మార్పునూ నెత్తిన పెట్టుకోను. అనలాగ్ అనే అమెరికా కంపెనీ కొన్నేళ్ల కిందట నింటెండో కంపెనీ పాత గేమ్ యంత్రాలైన ఫామికామ్‌ల నుంచి అసలు ప్రాసెసర్, బొమ్మల చిప్ తీసి, అల్యూమినియం పెట్టెలో కొత్త బోర్డు మీద బిగించి ఎన్‌టీ అనే ఖరీదైన యంత్రంగా అమ్మింది. బొమ్మ బాగుంటుంది, పెట్టె అందంగా ఉంటుంది, అయినా ఒక యంత్రం గుండెను తీసి ఇంకోదానిలో పెట్టడం నా మనసుకు ఎక్కలేదు. తర్వాతి మోడల్‌లో ఆ కంపెనీయే ఆ పద్ధతి మానేసి, పాత చిప్‌ల పనిని అనుకరించేలా అమర్చుకోగల ఎఫ్‌పీజీఏ అనే చిప్‌కు మారింది. మా మెకానిక్ చేసిన పనిలో బోర్డు మీది ఒక్క రాగి గీత తెగలేదు, ఒక్క భాగం బయటికి పోలేదు. ఎవరైనా ఎప్పుడైనా కావాలనుకుంటే తీసుకోగలిగేలా ఆయన వదిలిపెట్టారు. ఆ వెసులుబాటు ఇచ్చాడు కాబట్టే దాన్ని నేను వాడుకోకుండా ఉండగలుగుతున్నాను.

చివరికి చేసిన పని

కేహెచ్‌ఎస్-400సీ అనే కొత్త లెన్సు తెప్పించాను. పాత లెన్సును పారేయకుండా చిన్న డబ్బాలో వేసి, మీద తేదీ రాశాను. పళ్లచక్రం మీది మూడు చుక్కలనూ ఫొటో తీసి, అందులో నల్లచుక్క దగ్గర పెడితే డిస్కు అన్నిటికంటే నిశ్శబ్దంగా తిరిగింది కాబట్టి అక్కడే వదిలేశాను. గడియారం నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చాను. మూత విప్పేటప్పుడు ఎజెక్ట్ బటన్‌కు వెళ్లే పల్చటి రిబ్బన్‌ను తెంపేయబోయి, ఆఖరి క్షణంలో చూసుకున్నాను. మొదటిసారి విప్పేవాళ్లు చాలామంది తెంపేది దాన్నే.

వెనక ఖాళీగా ఉన్న గూటిలో హార్డ్ డిస్కును యంత్రానికి కలిపే చైనా తయారీ సాటా అడాప్టర్, దానికి తగిలించి పాత ల్యాప్‌టాప్‌లో మిగిలిపోయిన 320 జీబీ హార్డ్ డిస్కు పెట్టాను. ఆ గూడు కంపెనీ హార్డ్ డిస్కు కోసమే వదిలింది. వాళ్లు అమ్మినది 40 జీబీదే. అడాప్టర్ మరలను రూపాయి బిళ్లతోనే బిగించవచ్చు. నేను చేసిన మార్పు ఇదొక్కటే, విప్పితే రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తుంది. లెన్సుకు పని తగ్గించడానికే ఇది. పాత మెమరీ కార్డు పెట్టి బటన్ నొక్కితే, నీలం పొగల్లో తెల్లటి స్తంభాలు దట్టంగా లేచాయి. ఆ కార్డులో ఏ ఆట ఎన్నిసార్లు ఆడామన్న లెక్కను బట్టి ఆ స్తంభాలు పెరుగుతాయని నేను ఇటీవలే తెలుసుకున్నాను. అందులో చాలా స్తంభాలు ఊదారంగు డిస్కులవే అయి ఉండాలి.

బావగారు తెచ్చిన కార్ల రేసు డిస్కు కొత్త లెన్సుతో మొదటి ప్రయత్నంలోనే రీడ్ అయింది. తర్వాత పార్లర్ అన్న తన పార్లర్ మూసేసేటప్పుడు ఊరికే ఇచ్చిన 'కుస్తీ' డిస్కు పెట్టాను. ఎర్రపొగ వచ్చింది. మళ్లీ మూత విప్పి భూతద్దంతో చూస్తే, చిప్‌కు కరెంటు ఇచ్చే తీగ అతుకు దగ్గర విరిగి, గమ్ము చుక్క ఆధారంతో గాలిలో నిలబడి ఉంది. అటక మీది ఎండకో, బస్సు కుదుపులకో విరిగి ఉంటుంది. మిగతా తీగలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అంటే కువైట్ నుంచి వచ్చిననాటి యంత్రం ఏం చేసేదో, ఇప్పుడిది కచ్చితంగా అదే చేస్తోంది. ఈ సంగతి మిత్రుడికి చెబితే, "చూశారా, దానంతట అదే ఒరిజినల్ అయిపోయింది. ఇక పీకడానికి మీకు అభ్యంతరం ఏమిటి?" అన్నారు.

పీకడానికే అనుకోండి, అతికించడానికే అనుకోండి, ఐరన్ వేడి చేయక తప్పదు. వేడి చేశాను. తీగ కొసను పళ్లతో ఒలవబోయి తెంపేసుకున్నాను, బ్లేడుతో మళ్లీ ఒలిచాను. చేయి వణికి సీసం కావలసిన దానికంటే ఎక్కువ పడింది. పక్క భాగానికి తగల్లేదని మీటరు పెట్టి నిర్ధారించుకుని, డిస్కు పెట్టాను. పొగ ఎర్రబడలేదు. మూత బిగించే ముందు ఇంకో ఫొటో తీసి మిత్రుడికి పంపాను. అందులో రాజమండ్రి అతుకులన్నీ ఆవగింజల్లా వరసగా ఉన్నాయి. మధ్యలో శనగగింజంత లావున, కాస్త వంకరగా, నాది ఒకటి ఉంది.